ఆదివారం దక్కిన సముద్రం



బడులకు సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన సరిహద్దు జిల్లాల్లో చాలా ఇళ్ళలో ఒక మాట వినిపిస్తుంది. "ఈసారైనా పిల్లలకు బొంబాయి చూపించాలి" అని. అక్కడ మేనమామ ఉంటాడు, లేదా చిన్నాయన ఉంటాడు. ఇద్దరూ లేకపోతే ఊరివాళ్ళెవరో ఒకరు ఉండనే ఉంటారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు మాటల్లో తమ బతుకు చెప్పుకున్న ప్రాంతం మనది. అందులో బొంబాయి అన్నిటికంటే పాత దారి.

పిల్లలు అడిగేవి రెండే. సముద్రం, ఆటల పార్కు. పెద్దవాళ్ళకు మాత్రం వెయ్యి సందేహాలు. ఏ నెలలో పోవాలి, చంటిపిల్లను ఎట్లా మోయాలి, ఎంత ఖర్చవుతుంది, గుంపులో పిల్లవాడు చెయ్యి వదిలేస్తే ఏం చేయాలి? ఈ ప్రశ్నలకు జవాబులు మన తెలుగువాళ్ళే ఆ నగరంలో తరతరాలుగా వెతుక్కున్నారు. కామాటిపుర గల్లీల్లో, వర్లీ చాళ్ళలో, పది అడుగుల ఖోలీల్లో పిల్లలను పెంచిన తల్లులు వెతుక్కున్నారు. పిల్లలతో గడిపే ఒక సెలవు రోజు వాళ్ళకు ఎట్లా దక్కిందో ముందు తెలుసుకుందాం. ప్రయాణం సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.

కామాటి అన్న మాట మనకు కొత్తది కాదు. కూలి పని, మట్టి పని, కట్టుబడి పని చేసేవాళ్ళను మన దగ్గర కామాటి అనేవారు. బొంబాయివాళ్ళు ఆ పేరును తెలుగు దేశం నుంచి వచ్చిన కూలీలందరికీ పెట్టేశారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటు కామాటిపుర అయింది.

ఆ చోటు ఎట్లాంటిదో వింటే ఆశ్చర్యం వేస్తుంది. బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. మహాలక్ష్మికి, వర్లీకి నడుమ ఉన్న సందులోంచి పోటు వచ్చినప్పుడల్లా సముద్రం లోపలికి వచ్చేది. భాయ్‌ఖళా వైపు పల్లపు నేలలన్నీ ఉప్పునీటిలో మునిగేవి. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పూర్తయి ఆ సందు మూసుకుంది. తరువాత పల్లాలను మట్టితో, రాళ్ళతో నింపుతూ వచ్చారు. అట్లా పైకి తేలిన నేల మీదనే కామాటిపుర గల్లీలు లేచాయి. పేర్లు పెట్టే తీరిక ఎవరికీ లేక వాటికి నంబర్లు వేశారు. మొదటి గల్లీ, రెండో గల్లీ అని ఈనాటికీ నంబర్లతోనే పిలుస్తున్నారు.

అంటే, సముద్రాన్ని వెనక్కు నెట్టి నగరానికి నేల సంపాదించిన పనిలో మన కామాటి చేతులు కూడా ఉన్నాయి. మరి ఆ చేతులు పెంచిన పిల్లలు అదే సముద్రం ఒడ్డున ఒక సాయంత్రం ఆడుకోవడానికి ఎంత కాలం పట్టిందో చూడండి.

1854లో కావస్‌జీ దావర్ బొంబాయిలో మొదటి నూలు మిల్లుకు పునాది వేశాడు. అది వెలిసిన తార్‌దేవ్ కామాటిపురకు దగ్గరే. కొద్ది ఏళ్ళలో మిల్లు చిమ్నీలు వరుసగా లేచాయి. తెల్లవారితే పని మొదలు, పొద్దుగూకితే ముగింపు. వారానికి ఒక సెలవు అనే మాట లేదు. యంత్రాలు తుడవడానికి ఆపిన రోజో, పెద్ద పండుగ రోజో విశ్రాంతి దొరికేది. ఇంకో సంగతి మనసును కలచివేస్తుంది. ఆ మిల్లుల్లో చిన్నపిల్లలు కూడా పని చేసేవారు. 1881లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదన్నది. ఏడు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళు రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయకూడదన్నది. వాళ్ళకు నెలకు నాలుగు రోజులు సెలవు ఇవ్వమన్నది. ఇవ్వాళ మనం ఏడేళ్ళ పిల్లవాణ్ణి ఏ పార్కుకు తీసుకుపోదామా అని ఆలోచిస్తున్నాం. అప్పటి చట్టానికి ఆ వయసు మిల్లు గేటు దాటడానికి సరిపోయే వయసు. పిల్లల తల్లిదండ్రులకైతే నెలకు నాలుగు రోజుల ఆ సెలవు కూడా లేదు.

ఈ పరిస్థితిని మార్చడానికి పూనుకున్నవాడు నారాయణ మేఘాజీ లోఖండే. జోతిరావు ఫూలే 1873లో పుణెలో స్థాపించిన సత్యశోధక్ సమాజం మనిషి ఆయన. ఆ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో మన తెలుగు గుత్తేదార్లు ఉన్నారన్నది మనం గర్వంగా చెప్పుకోవలసిన విషయం. వెంకు బాళోజీ కాళేవార్, జయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు అనే పేర్లు ఫూలే ఉద్యమ చరిత్రలో కనిపిస్తాయి. కూలి పనులకు వచ్చిన జనం నుంచే పైకి వచ్చి, సంపాదించిన దాంట్లో కొంత చదువు కోసం, సంస్కరణ కోసం ఖర్చు పెట్టినవాళ్ళు వీళ్ళు.

లోఖండే 1884లో మిల్లు కార్మికుల సభలు పెట్టి, ఐదు వేలకు పైగా సంతకాలతో వినతిపత్రం తయారు చేయించాడు. అందులో మొదటి కోరిక ఆదివారం సెలవు. ఆరేళ్ళ పాటు ఆ కోరిక తీరలేదు. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి గుర్రపు పందాల మైదానంలో సుమారు పది వేల మంది కార్మికులు పోగయ్యారు. ఇద్దరు స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. చివరికి ఆ ఏడాది జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. మరుసటి ఏడాది, 1891లో, చట్టం కూడా వారపు సెలవును చేర్చుకుంది. పనిలో పెట్టుకునే పిల్లల వయసును ఏడు నుంచి తొమ్మిదికి పెంచింది.

శ్రోతలారా! ఆదివారం క్యాలెండర్‌లో దానంతట అదే ఎర్రగా పడిందని మనం అనుకుంటాం. నిజానికి ఆ రోజును అడిగి, సంతకాలు చేసి, మైదానంలో నిలబడి తెచ్చుకున్నారు. పిల్లల చెయ్యి పట్టుకుని సముద్రం చూపించే తీరిక బొంబాయి కూలివాడికి ఆ రోజుతోనే మొదలైంది.

మరి తీరిక దొరికిన కూలివాడు పిల్లలను ఎక్కడికి తీసుకుపోయాడు? కామాటిపుర నుంచి నడిచి పోగలిగిన దూరంలో రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి రాణీ బాగ్, రెండోది గిర్‌గావ్ చౌపాటీ.

రాణీ బాగ్ అసలు పేరు విక్టోరియా గార్డెన్స్. భాయ్‌ఖళాలో 1862లో తెరిచారు. మొదట అది చెట్ల తోట మాత్రమే. 1890 ప్రాంతంలో జంతువులు వచ్చి చేరాయి. ఆదివారం సెలవు, పులి బోను దాదాపు ఒకే కాలంలో వచ్చాయన్నమాట! పక్కనే 1872లో తెరిచిన మ్యూజియం ఉంది. దాని బయట ఒక పెద్ద రాతి ఏనుగు నిలబడి ఉంటుంది. ఘారాపురి దీవిలో ఉండిన ఏనుగు అది. ఆంగ్లేయులు ఇంగ్లండుకు తరలించబోతే ముక్కలైంది. ఆ ముక్కలను అతికించి ఇక్కడ నిలబెట్టారు. పడవ ఎక్కి ఎలిఫెంటా గుహలకు పోలేని కుటుంబాల పిల్లలు ఆ ఏనుగును ఇక్కడే చూశారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ తోటకు జిజామాత పేరు పెట్టారు. జనం నోట మాత్రం ఇప్పటికీ అది రాణీ బాగే.

చౌపాటీ సంగతి సరే సరి. ఇసుకకు టికెట్టు లేదు, అలకు టికెట్టు లేదు. 1920లో లోకమాన్య తిలక్ అంత్యక్రియలు జరిగింది ఆ ఇసుక మీదనే. గణపతులు నీళ్ళలో కలిసేదీ అక్కడే. రోజంతా మగ్గం ముందు నిలబడ్డ తండ్రి సాయంత్రం అక్కడ కూర్చుని ఒక పొట్లం భేల్‌పురి కొంటే నలుగురు పిల్లలు పంచుకునేవారు. కొంచెం ఓపిక ఉంటే మలబార్ హిల్ ఎక్కేవారు. పైన 1952లో తెరిచిన కమలా నెహ్రూ పార్కులో బూటు ఆకారంలో కట్టిన ఇల్లు ఉంది. పిల్లలు ఆ బూటులో మెట్లెక్కి కిటికీలోంచి తొంగిచూసేవారు. మెరైన్ డ్రైవ్ మీద 1951లో తెరిచిన తారాపోర్‌వాలా చేపల ప్రదర్శనశాల చాలా ఏళ్ళ పాటు ఇంకో ఆకర్షణ.

వీటన్నిటికంటే పిల్లలకు ఇష్టమైంది ప్రయాణమే అంటే అతిశయోక్తి కాదు. 1964 మార్చి ఆఖరు దాకా బొంబాయిలో ట్రాములు తిరిగాయి. 1937లో మొదలైన రెండంతస్తుల ఎర్ర బస్సులో పైఅంతస్తు ముందు సీటు దొరికితే ఆ పిల్లవాడు రాజే. గాలి ముఖానికి కొడుతూ ఉంటే నగరమంతా తన కోసమే దారి ఇస్తున్నట్టు ఉండేది. ఆ పాత డీజిల్ బస్సులు 2023లో రోడ్ల మీద నుంచి తప్పుకున్నాయి. ఇప్పుడు విద్యుత్తుతో నడిచే ఏసీ రెండంతస్తుల బస్సులు వచ్చాయి.

ఆ కుటుంబాలకు ఆదివారం బయటికి పోవడం ఎందుకంత అవసరమో తెలియాలంటే చాళ్ళు ఎట్లా ఉండేవో తెలియాలి. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో చాళ్ళు కట్టింది. వాటినే బీడీడీ చాళ్ళు అంటారు. మొత్తం 207 భవనాలు. ఒక్కో భవనంలో 80 గదులు. ఒక్కో గది సుమారు 160 చదరపు అడుగులు. మరుగుదొడ్లు వరండా చివర, అందరికీ కలిపి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలి నేతగాళ్ళు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్ళలో నిండిపోయారు. ఊళ్ళో చేతిమగ్గం వదిలి ఇక్కడ మరమగ్గం పట్టుకున్నారు. ఒక్క గదిలో తల్లిదండ్రులు, పిల్లలు, ఊరి నుంచి కొత్తగా వచ్చిన చుట్టం కూడా సర్దుకునేవారు. రాత్రి పాళి చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోవాలి. పిల్లలు గోల చేయకూడదు. అట్లాంటి ఇంట్లో పిల్లలకు నోరారా అరిచే చోటు, కాళ్ళారా పరుగెత్తే చోటు సముద్రపు ఒడ్డే.

చాళ్ళలో తల్లులు ఆ ఒక్క రోజును చాలా లెక్కగా గడిపేవారు. శనివారం రాత్రే జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఊరి నుంచి వచ్చిన సకినాలు మూట కట్టేవారు. పక్క ఖోలీవాళ్ళతో కలిసి పోయేవారు. నలుగురు పెద్దవాళ్ళుంటే పదిమంది పిల్లల మీద కన్నేసి ఉంచవచ్చు కదా. ఒక ఆదివారం రాణీ బాగ్ అయితే ఇంకో ఆదివారం చౌపాటీ. రెండూ ఒకే రోజు పెట్టుకునేవారు కాదు. ఎండ ముదరకముందే జంతువులు, ఎండ తగ్గాక సముద్రం. చీకటి పడేలోపు ఇల్లు. ఎందుకంటే సోమవారం తెల్లవారుజామునే మిల్లు కూత వినిపిస్తుంది.

మన ఊళ్ళ నుంచి పోయే పిల్లల సంగతి వేరు. నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో, సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, బాసర, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడు దాకా చిన్న లైను పడింది. దాదాపు తొంభై ఏళ్ళు మనవాళ్ళు ఆ చిన్న బండిలో మన్మాడు చేరి, అక్కడ మూటలతో, పిల్లలతో దిగి, పెద్ద లైను బండి కోసం ప్లాట్‌ఫారం మీద పడిగాపులు పడ్డారు. 1990లలో పట్టాలు వెడల్పు చేయడం మొదలై, ఆ పని పూర్తయ్యాక దేవగిరి ఎక్స్‌ప్రెస్ వంటి బండ్లు నేరుగా ముంబై చేర్చసాగాయి. పాలమూరు వైపు వాళ్ళకు బొంబాయి బస్సే దిక్కయింది. ఏడాదికోసారి తండ్రిని చూడడానికి పోయే పిల్లలకు సముద్రం అంటే తండ్రి భుజం మీద కూర్చుని చూసిన సముద్రమే.

1982 జనవరి 18న మిల్లు కార్మికుల మహాసమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మె తరువాత చాలా మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. వారమంతా ఖాళీ అయినప్పుడు ఆదివారానికి అర్థం పోయింది. కొందరు ఊళ్ళకు తిరిగి వచ్చారు, కొందరు భివండి మరమగ్గాలకు పోయారు.

సరిగ్గా ఆ దశాబ్దం చివర, 1989లో, నగరానికి ఉత్తరాన గోరాయిలో ఎస్సెల్ వరల్డ్ తెరిచారు. ఖాడీ దాటి పడవలో పోవాలి. 1998లో పక్కనే వాటర్ కింగ్‌డమ్ వచ్చింది. టీవీలో ప్రకటన చూసిన ప్రతి పిల్లవాడూ అక్కడికే పోదామన్నాడు. చాళ్ళలో కుటుంబాలకు ఇది కొత్త రకం చిక్కు. సముద్రం దగ్గర నలుగురు పిల్లలున్నా పదిమంది ఉన్నా ఖర్చు ఒక్కటే. ఇక్కడ తలకొక టికెట్టు. అందుకని చాలామంది ఏళ్ళ తరబడి కూడబెట్టుకుని, ఒకే ఒక్కసారి పోయి వచ్చారు. ఆ ఎస్సెల్ వరల్డ్ కూడా ఈమధ్య ఏళ్ళలో మూతపడింది. 2013 నుంచి ఖోపోలీ దగ్గర ఇమాజికా అనే మరింత పెద్ద పార్కు నడుస్తోంది. రాణీ బాగ్‌లోనూ మార్పు వచ్చింది. దక్షిణ కొరియా నుంచి తెచ్చిన పెంగ్విన్లను 2017లో ప్రదర్శనకు పెట్టారు. అదే ఏడాది పెద్దల టికెట్టు 5 రూపాయల నుంచి 50కి పెరిగింది. తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు కలిసి పోతే కుటుంబానికి 100 రూపాయలు అని పెట్టారు. పదిమంది కలిసి పోయే చాళ్ళ ఆదివారానికి ఆ లెక్క సరిపోదు.

ఇప్పుడు మీ ప్రయాణం సంగతి చూద్దాం. చాళ్ళలో తల్లుల పద్ధతే మనకు దారి చూపిస్తుంది.

మొదటిది కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముంబై సముద్రం పిల్లలది కాదు. వానాకాలపు అలలు పెద్దవాళ్ళనే లాగేస్తాయి. మే నెలలో ఉక్కపోత ఎక్కువ. దీపావళి నుంచి సంక్రాంతి దాకా చిన్నపిల్లలకు హాయిగా ఉంటుంది.

రెండోది పోటు. మనకు గోదావరి తెలుసు. వరద వస్తే పై నుంచి కబురు వస్తుంది. సముద్రం అట్లా కాదు. రోజుకు రెండుసార్లు ముందుకు వస్తుంది, రెండుసార్లు వెనక్కు పోతుంది. సుమారు ఆరు గంటలకు ఒక మార్పు. ఆ వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కు జరుగుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోటు మరీ పెద్దది. పత్రికలో ఆ రోజు పోటు వేళ చూసుకుని, నీళ్ళు వెనక్కు పోయే సమయంలో పిల్లలను ఇసుక మీద ఆడించండి. పాదాలు తడిస్తే చాలు, మోకాలు దాటనివ్వవద్దు. ఎర్ర జెండా కనిపిస్తే ఒడ్డునే ఉండండి.

మూడోది మోతాదు. రోజుకు ఒక్క చోటే. ఐదేళ్ళ పిల్లవాడికి ఒక ఏనుగు, ఒక బస్సు, ఒక గుప్పెడు ఇసుక ఒక రోజుకు సరిపడా సంపద. రాణీ బాగ్‌కు బుధవారం సెలవన్నది గుర్తుంచుకోండి. ఆటల పార్కుకు పోయేముందు పిల్లల ఎత్తు కొలిచి చూడండి. అక్కడ చాలా ఆటలకు వయసుతో పని లేదు, ఎత్తుతోనే లెక్క. తీరా పోయాక గేటు దగ్గర కాదంటే పిల్లవాడి ఏడుపు ఆపలేరు. పొట్టి పిల్లలున్న ఇంటికి అంత ఖరీదైన టికెట్టు కంటే సముద్రమే లాభం.

నాలుగోది జాగ్రత్త. పిల్లల జేబులో పేరు, ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. లోకల్ రైలు ఎక్కేటప్పుడు పొద్దున, సాయంత్రం ఆఫీసు వేళలు తప్పించండి. తాగే నీళ్ళు, సద్ది వెంట పెట్టుకోండి. ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడికే జవాబుదారీ అని ఇంట్లోనే పంచుకోండి.

ఐదోది, నా మనవిగా చెబుతున్నది. వీలైతే పిల్లలకు చాళ్ళు కూడా చూపించండి. కామాటిపుర అంటే లోకానికి ఒకే అర్థం తెలుసు. ఆంగ్లేయుల కాలం నుంచి ఆ గల్లీల్లో కొన్నిటికి అంటిన పేరు మొత్తం పేటకు అంటుకుంది. అక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు బడిలో చిరునామా చెప్పడానికి వెనకాడే పరిస్థితి వచ్చింది. తాతలు నింపిన నేల, మనుమలు నోరు తెరిచి చెప్పుకోలేని చిరునామా అయింది. ఇంతకంటే పెద్ద నష్టం ఏముంటుంది?

ఆ గల్లీలను పడగొట్టి కొత్తగా కట్టే పథకాలు నడుస్తున్నాయి. వర్లీ బీడీడీ చాళ్ళలో కొన్ని కుటుంబాలకు 2025 ఆగస్టులో కొత్త ఇళ్ళ తాళాలు అందాయి. ఇరుకు ఖోలీ పోయి మంచి ఇల్లు రావడం సంతోషించవలసిన విషయమే. కాని పాత గోడలు పోయాక ఈ కథ చెప్పడానికి ఆనవాళ్ళు మిగలవు. అప్పుడు చెప్పవలసింది మనమే.

కాబట్టి చౌపాటీ ఇసుకలో మీ పిల్లలు గూళ్ళు కడుతున్నప్పుడు పక్కన కూర్చుని ఒక మాట చెప్పండి. ఈ నగరంలో సముద్రాన్ని వెనక్కు నెట్టి నేల చేసిన కూలీల్లో మనవాళ్ళు ఉన్నారని చెప్పండి. కామాటిపుర అన్న పేరు వాళ్ళ పని నుంచి వచ్చిందని చెప్పండి. ఈ ఆదివారం ఒకప్పుడు కూలివాడికి లేదనీ, పది వేల మంది నిలబడి అడిగితే వచ్చిందనీ చెప్పండి. పిల్లలు సగం వింటారు, సగం అలల వెంట పరుగెత్తుతారు. పరుగెత్తనివ్వండి. ఆ పరుగు కోసమే కదా వాళ్ళు సెలవు అడిగింది.